ఇంటిపేరు రూల్

"ఇంక గా ఒక్క రూల్ కాడనే ఉన్నవా, చెల్లె?"

సుకన్య కీబోర్డు మీది నుంచి చేతులు తీసేసింది. శాంసన్‌కు ఒళ్లు మండింది. కాశిబుగ్గలో పెళ్లి సంబంధాలు చూసే రాయమల్లు తన వెబ్‌సైటు చూసుకోవడానికి నాలుగింటికి వస్తున్నాడు. ఇద్దరే ఉన్న తమ ఆఫీసుకు చేతిలో ఉన్నది ఆ పని ఒక్కటే. అదీ పోతే తాళం వేసుకుని ఇళ్లకు పోవడమే.

ఫోన్ నంబరుకు పది అంకెలుండాలి, వయసు పద్దెనిమిది దాటాలి లాంటి రూల్స్ వెబ్‌సైట్లు కట్టే లారావెల్ సాఫ్ట్‌వేర్‌లో తయారుగానే దొరుకుతాయి. అమ్మాయి, అబ్బాయి ఇంటిపేర్లు కలిస్తే సంబంధం కుదరదనే రూల్ ఏ దేశంవాడు రాసిపెడతాడు? ఎవరికి వాళ్లే రాసుకోవాలి. పది లైన్ల పని. దాన్ని సుకన్య మూడు రోజులుగా నానుస్తోంది.

"రాయరాకపోతే రాదని చెప్పు" అన్నాడు.

"వచ్చు. కానీ ఇంటిపేరు ఒక్కటైతే అన్నాచెల్లెండ్లేనా? కులం వేరైతే? మతం వేరైతే?"

"గవన్నీ మనకెందుకు? రాయమల్లు సార్ అడిగిండు, పెట్టాలె. గంతే."

"అడిగిందల్లా పెడ్తరా? మీకేమనిపిస్తలేదా?"

"అనిపిస్తాంది. నాలుగు గొట్టేసరికి సైటు నడవాలనిపిస్తాంది."

మూడున్నర అయింది. బతిమాలడం, కసరడం రెండూ అయిపోయాయి. "జరుగు చెల్లె, నేనే రాస్త" అని శాంసన్ ఆమె కుర్చీలో కూర్చున్నాడు. విసురుగా రూల్ రాసేశాడు. అది అడ్డుకున్నప్పుడు కనిపించే మాటలు కూడా తనే కూర్చాడు: 'మీరిద్దరూ అన్నాచెల్లెళ్లు అవుతారు. ఈ సంబంధం కుదరదు.'

"ఏవన్న రెండు పేర్లు కొట్టి చూడు" అని లేచి, రాయమల్లుకు ఫోన్ చేయడానికి గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

సుకన్య నిలబడే టకటకా కొట్టింది. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి. అవి శాంసన్‌కు గుమ్మం దగ్గరి నుంచే కనిపించాయి.

"చూసినవా, ఎట్ల ఆపిందో. ఇగ సార్ ఖుష్."

"అవును. మంచిగ ఆపింది" అని బ్యాగు తగిలించుకుని ఆమె వెళ్లిపోయింది.

పని అయినా ఈమెకు మొహం మాడ్చుకోవడమేనా అని గొణుక్కుంటూ శాంసన్ ఫారం చెరపడానికి వచ్చాడు. ఆమె కొట్టిన పేర్లు ఇంకా అలాగే ఉన్నాయి.

వధువు మేకల సుకన్య, వరుడు మేకల శాంసన్.