పెళ్లికొడుకు నడుములో రిమోట్

"నాయిన వచ్చేదాక నేను కారెక్క" అని రజని డోరు పట్టుకుని నిలబడిపోయింది.

అప్పగింతలప్పుడు కూతురి చేతిని వియ్యపురాలి చేతిలో పెట్టిన బీరప్ప, ఆ తర్వాత ఎవరి కంటా పడకుండా ఇంటి వెనక గొర్ల దొడ్డిలో దూరాడు. పెళ్లని ఆ రోజు మందను మేతకు తోలలేదు కదా, గొర్లకు మేత వెయ్యాలట. భార్య సరోజన వెళ్లి పిలిచింది. మీరు సాగనంపండి, నేను వస్తానన్నాడు. బావమరిది వెళ్లాడు. అదే మాట, ఈసారి ఇటు తిరగకుండానే అన్నాడు. మనిషి ఏడుస్తున్నాడని అందరికీ తెలుసు. చివ్వెంల చుట్టుపక్కల పొట్టేళ్ల బేరంలో ఆయన్ని వంచినవాడు లేడు గానీ, కూతురు కారెక్కి పోతుంటే చూడ్డానికి మాత్రం ఆయనకు ధైర్యం చాలలేదు.

మగపెళ్లివారికి తొందరగా ఉంది. మంచి గడియ దాటకముందే నేరేడుచర్ల చేరి కోడలి చేత గడపలో కాలు పెట్టించాలి. పెళ్లికొడుకు తల్లి వెంకటమ్మ రజని వీపు నిమిరింది.

"ఎక్కు బిడ్డా. నాలుగొద్దులైతే మల్ల వస్తవు గద, అప్పుడు సూడొచ్చు మీ నాయినను."

రజని దొడ్డి వైపు ఇంకోసారి చూసింది. ఎవరూ రాలేదు. కళ్లు తుడుచుకుని ఒక కాలు కారులో పెట్టింది.

అంతే, కారు కుయ్యి కుయ్యిమని గోల మొదలుపెట్టింది. లైట్లు కొట్టుకుంటున్నాయి. రజని అదిరిపడి కాలు వెనక్కి తీసుకుంది. బ్యాండువాళ్లు వాయించడం ఆపేశారు. వెనక దొడ్డిలో గొర్లు అరిచాయి.

కారు పెళ్లికొడుకు లక్ష్మణ్‌దే. మిర్యాలగూడలో కిరాయికి తిప్పుతాడు. పట్టుపంచెకు జేబు ఎక్కడిది? తాళాన్ని రిమోట్‌తో సహా నడుము దగ్గర మడతలో దోపుకున్నాడు. వంగితే నొక్కుకుపోయిందని చెప్పి, తడుముకుని ఎలాగో ఆపాడు.

రజని మళ్లీ ఎక్కబోయింది. కారు మళ్లీ అందుకుంది. మరదళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెంకటమ్మకు తల కొట్టేసినట్టయింది.

"ఏందిరా ఇది? ఆ తాళం ఎవలకన్న ఇయ్యరాదు?"

ఇస్తున్నానంటూ లక్ష్మణ్ నడుములో చెయ్యి పెట్టాడు. తాళం మాత్రం బయటికి రాలేదు. కారు ఆగినట్టే ఆగి ఇంకోసారి మోగింది, మళ్లీ మోగింది. కారు నడిపేవాడికి కారు ఆపడం రాదా అని ఎవరో ఎకసెక్కమాడారు.

ఇంతలో దొడ్డి తడక విరిగిన చప్పుడైంది. బెదిరిన గొర్లు పెళ్లి పందిట్లోకి ఉరికాయి. కుర్చీలు పడ్డాయి, అరటి పిలకలు ఒరిగాయి. వాటి వెనకే కొత్త ధోవతి మోకాళ్ల మీదికి ఎగగట్టుకుని, చేతికర్రతో మందను అదిలిస్తూ బీరప్ప పరుగెత్తుకొచ్చాడు. గొర్లను మళ్లిస్తూ మళ్లిస్తూ కారు ముందుకొచ్చి ఆగిపోయాడు. ఎదురుగా కూతురు.

"నాయినా" అంది రజని.

కర్ర కింద పడేశాడు. పైలం బిడ్డా, జాగ్రత్త అంటూనే కూతుర్ని గుండెకు హత్తుకుని, ఎవరు చూస్తున్నారన్నది కూడా మరిచి పెద్దగా ఏడ్చాడు. రజని ఆయన భుజమ్మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయింది. సరోజనా ఏడ్చింది. వెంకటమ్మ కూడా కళ్లు ఒత్తుకుని, గడియ సంగతి ఎత్తలేదు. కారు ఎప్పుడు ఊరుకుందో ఎవరూ గమనించలేదు.

చివరికి బీరప్పే కూతురి చెయ్యి పట్టుకుని కారెక్కించాడు. కనుమరుగయ్యేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు.

ఊరు దాటాక, లక్ష్మణ్ దోస్తు ఒకడు కారు నడుపుతుంటే ముందు సీట్లో వెంకటమ్మ కొడుకును తిట్టడం మొదలుపెట్టింది. నలుగురిలో నవ్వులపాలు చేశాడని ఆమె బాధ. వెనక సీట్లో లక్ష్మణ్ తలొంచుకుని అన్నీ పడ్డాడు. రజనికి జాలేసింది.

"ఆ తాళం నడుముల దోపకుంటే ఇన్ని మాటలు పడకపోదురు గద" అంది మెల్లగా.

లక్ష్మణ్ తల్లి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"మొదటిసారి నిజంగనే నొక్కుకపోయింది. అప్పుడే దొడ్డిల గొర్లు అరిసినయి. మా నాయిన గూడ గొర్లు కాసేటోడే, గంతే, ఎవలు పిలిసినా లేవడు, మంద బెదిరితే ఉరుకుతడు. ఇగ తర్వాతవన్ని నేనే నొక్కిన."