నన్ను కట్టేసి పోండి

“ఊరు ఖాళీ చేయండప్పా! హంద్రి ఏరు మీదికొస్తాంది!”

తడిసి ముద్దయిన మనిషి ఒకడు సైకిలు దిగకుండానే అరిచాడు.

అంగడి అరుగు మీద బీడీలు కాలుస్తున్న నలుగురూ మాటలాపారు. రామసుబ్బయ్య శెట్టి తక్కెడ వదిలి లేచొచ్చి, సైకిలు హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు.

“ఎవరప్పా నువ్వు? యాడినుంచి వస్తాండావు?”

“పై ఊర్లనుంచి. ఏసన్న అంటారు. తెల్లారేసరికి మా ఊర్లో మిద్దెలు మునిగినాయి. బిన్నా లేవండి, తడవు లేదు. నడవలేనోళ్ళను ముందు మొయ్యండి.”

‘ఊరు ఖాళీ’ అన్న మాటకే శెట్టి కడుపు మండింది.

మండదా మరి? ఆ ఏడు, రెండువేల తొమ్మిదిలో, శ్రావణం పోయినా చుక్క రాల్లేదు. వేరుశనగ పూతలోనే మాడిపోయింది. పెద్దలనాటి పద్ధతి అని ఏటిగడ్డ ఊరి జనమంతా ఒక పగలు ఊరు విడిచారు. పొయ్యి వెలిగించకూడదు, వాకిళ్ళకు తాళం వేయకూడదు, ఊళ్ళో నరమానవుడు మిగలకూడదు. అట్లా చేస్తే వాన దిగుతుందని నమ్మకం. పొద్దు గూకి గుట్ట దిగి వచ్చేసరికి వాన దిగలేదు గానీ, మూడిళ్ళలో పెట్టెలు లేచిపోయాయి. శెట్టి ఇంట్లో పోయింది పెళ్ళాం నగల పెట్టె.

ఇప్పుడు మూడు రోజులుగా వాన. అడిగి అడిగి రప్పించుకున్న వాన. వద్దనడానికి ఎవరికీ నోరు రావడం లేదు.

“మళ్ళీ ఊరు విడిపిస్తాడంట!” పెద్ద ఈరన్న లేచాడు. “పోయినసారి పెట్టెలు సాల్లేదేమో దొరకు!”

అందరూ నవ్వారు.

బడి అయ్యవారు జ్ఞానరాజు మాత్రం నవ్వలేదు. “నవ్వొద్దండప్పా. ఏటికేడు భూమి కాగుతాంది. గాలి కాగే కొద్దీ నీళ్ళు శానా మోస్తాది. మోసిందంతా ఒక్కసారే కుమ్మరిస్తాది.”

“ఎండాకాలం పిట్టలు రాలితే గూడా ఇదే జెప్తివి గదా సారూ! ఎండకూ అదే, వానకూ అదేనా?”

“రెండూ ఒకే పొయ్యి మీద కాగినవే ఈరన్నా.”

ఈరన్న మళ్ళీ నవ్వాడు. ఈసారి తోడు ఎవరూ నవ్వలేదు.

ఏటి వైపు నుంచి ఏదో హోరు. బరువు లారీలు వరసగా పోతున్నట్టు.

ఆ దిక్కున లారీలు పోయే దారి లేదు.

“ఊరిడిస్తే ఇండ్లు ఎవరు చూస్తారు?” శెట్టి పట్టు వదల్లేదు.

ఏసన్న సైకిలు బురదలో పడేసి రెండు చేతులూ చాపాడు.

“నన్ను కట్టేసి పోండి. దొంగను నేనే గదా! నన్ను కట్టేసినాక ఇంగ దోచేదెవరు?”

శెట్టి రెండో మాట లేకుండా ఎద్దుల పగ్గం తెచ్చాడు. ఏసన్నను అరుగు మీది రాతి స్తంభానికి మూడు చుట్లు చుట్టి పీటముడి వేశాడు.

దొంగ చిక్కాడన్న ధైర్యంతోనే ఊరు కదిలింది. అయ్యవారు ముందు నడిచాడు. వెనక ఆడవాళ్ళు, పిల్లలు, గొర్రెలు, నెత్తిన గంపలు. అందరూ గుట్ట దారి పట్టారు.

శెట్టి కదల్లేదు. తోడుదొంగలు ఉండరని ఏం నమ్మకం? కట్టె పుచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు.

“నీ ఇంట్లో ఇంగెవరూ లేరా శెట్టీ?”

“మా యమ్మ ఉండాది, అంగడి వెనక గదిలో. కాళ్ళు పడిపోయినాయి. నీళ్ళొచ్చినప్పుడు సూద్దాంలే.”

“నీళ్ళు చెప్పి రావు శెట్టీ. ఆమెను ఎత్తుకోని పో. నీ కాళ్ళు మొక్కుతా.”

వీడికెందుకింత ఆరాటం? ఇల్లు ఖాళీ కావాలనే!

శెట్టి లేచి ముడి ఇంకాస్త బిగించాడు.

నీళ్ళు చప్పుడు లేకుండా వచ్చాయి. వీధి చివర ఎర్రగా, చాప పరుచుకుంటూ వచ్చినట్టు. చూస్తుండగానే అరుగెక్కాయి. శెట్టి వెనక గదికి పరుగెత్తి, తల్లిని భుజాన వేసుకుని బయటికొచ్చేసరికి నడుము దాకా ఉన్నాయి. నూనె డబ్బాలు తేలుతూ తలుపులకు కొట్టుకుంటున్నాయి.

ఒంటి చేత్తో ముడి లాగాడు. నానిన పగ్గం ఇనుములా బిగుసుకుంది. గోరు చీలింది. ముడి రాలేదు.

“కొడవలి... కొడవలి యాడ పెడ్తినో!”

“నువ్వు పో శెట్టీ. అమ్మను చేర్చి మళ్ళీ రా.” ఏసన్న పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. చూపు ఏటి వైపు నుంచి కదలడం లేదు.

శెట్టి భుజం మీద నుంచి తల్లి వెంకటలక్ష్మమ్మ ఆ ముఖాన్నే చూస్తూ పోయింది.

గుట్ట మొదట్లో ఈరన్న చేయి అందించాడు. తల్లిని బండ మీద దించి, ఎవరి చేతిలోదో కొడవలి లాక్కుని శెట్టి వెనక్కి తిరిగాడు.

అంగడి లేదు.

వీధి లేదు.

నానిన మట్టిమిద్దెలు ఒకదాని వెనక ఒకటి నీళ్ళలోకి కూర్చుంటున్నాయి.

అయ్యవారు తలలు లెక్కపెట్టాడు. ఊళ్ళో ఒక్కరూ తగ్గలేదు.

శెట్టి కొడవలి జారవిడిచి బురదలో కూలబడ్డాడు. “ఏ పాపం ఎరగని మనిషిని దొంగ దొంగని కట్టేస్తినే! ఎంత పని చేస్తినే అమ్మా!”

వెంకటలక్ష్మమ్మ కొడుకు చేయి పట్టుకుంది.

“ఆ పొద్దు మీరంతా ఊరిడిచి పోతా, ఊరికి తెలీకుండా నన్ను ఆ గదిలో పెట్టి పోతిరే... పెట్టె ఎత్తుకోని వాకిలి దాటినోడు, నేను మూలుగుతాంటే విని వెనక్కొచ్చి నా నోట్లో నీళ్ళు పోసినాడు నాయనా, వాడే వీడు.”