వీధరుగు

“మళ్ళీ పడిపోనాది!” అంటూ కూర్మయ్య బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. అప్పుడే తెరుచుకున్న న్యూస్‌రీడర్ ప్రోగ్రాం, కళ్ళముందే టప్పున మూసుకుపోయింది.

“బల్లని కొడితే ప్రోగ్రాం బాగవుతాదేటన్నా?” అన్నాడు ఫిన్నీ. రాజాం బస్టాండు ఎదుట కంప్యూటర్లు బాగుచేసే షాపు అతనిది. పొద్దున్న షాపు తియ్యకముందే కూర్మయ్య బండెక్కించుకుని తెచ్చేశాడు.

కూర్మయ్య బాధ కూర్మయ్యది. ఏళ్ళ తరబడి ఒక దినపత్రికకి రాజాం విలేకరి. ఊళ్ళో చీమ చిటుక్కుమన్నా ముందు తనకే తెలుస్తుందని మీసం తిప్పిన మనిషి. ఈమధ్య ‘వేగావతి’ అని ఒక వెబ్‌సైటు పుట్టింది. అందులో ‘వీధరుగు’ అనే మారుపేరుతో ఎవరో రాజాం వార్తలన్నీ ఇతనికంటే ముందు రాసిపారేస్తున్నారు. మన పేపర్లో రాని వార్త ఇంకోచోట వస్తే దాన్ని మిస్సింగ్ అంటారు. ఇంకొక్క మిస్సింగ్ వచ్చిందంటే వేరే మనిషిని చూసుకుంటామని శ్రీకాకుళం డెస్కు ఇన్‌ఛార్జి నారాయణమూర్తి నిన్ననే తెగేసి చెప్పాడు.

అందుకే ఈ ప్రోగ్రాం. అన్ని సైట్ల వార్తలూ వచ్చి ఒక్కచోట పడతాయి. ఎవరేం రాశారో చూసుకుని, గబగబా తనూ పంపేయొచ్చు. తీరా చూస్తే మహాతల్లి నిమిషం నిలబడదు.

వీధి తలుపు తోసుకుని కూర్మయ్య భార్య రాధిక వచ్చింది. చేతిలో సంచీ ఖాళీ.

“ఏటండీ, బజార్లో ఒక్క కాయ దొరకలేదు. ఆడోళ్ళందరూ...”

“నీ కూరల గోల తరవాత! ఇక్కడ నా కొంప మునిగిపోతంటే!”

“అది కాదండీ, రోడ్డు మీద...”

“పప్పు వండియ్యి!”

రాధిక మూతి బిగించి, తన ఫోను తీసుకుని వంటింట్లోకి పోయింది. చాలాసేపటిదాకా లోపల గిన్నెల చప్పుడే లేదు. అలిగిందిలే అనుకున్నాడు కూర్మయ్య.

ఫిన్నీ ఒక్కో సైటూ తీసేసి చూశాడు. వేగావతి ఒక్కటే ఉంచాడు. పడిపోయింది. అదీ తీసేశాడు. అయినా పడిపోయింది. చివరికి ప్రోగ్రామే మొత్తం పీకేసి మళ్ళీ ఎక్కించాడు. కూర్మయ్య కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళడం, వచ్చి కూర్చోవడం, ఫోను చూసుకోవడం, మళ్ళీ లేవడం. వాకిట్లోంచి ఎవరో “కూర్మయ్యా, ఉన్నావేటి?” అని పిలిస్తే, “పనుంది, తరవాత రా!” అని లోపల్నుంచే కసిరాడు.

“ఇదంతా ధర్మారావు పనేరా ఫిన్నీ. ఇంకో పేపరోడు కదా, రోజూ నాతోటే టీ తాగుతాడు. నా నోట్లోంచి మాట లాగి ఆ సైటుకి పంపతన్నాడు.”

“ధర్మారావన్న అంత బాగా రాయగలడేటి?”

“ఎవలిచేతో రాయించుకుంటాడు! ఆ వీధరుగుగాడు నాకు దొరకాలి గానీ, అరుగు తవ్వి పారేస్తాను.”

ఫిన్నీ నవ్వబోయి ఆగిపోయాడు. తెర దగ్గరికి వంగి చూశాడు.

“అన్నా, దొరికింది. ఇందులో నీదొక్కటే లాగిన్ కాదు, ఇంకోటి కూడా తెరిసే ఉన్నాది. అక్కడ కూడా ఇదే ప్రోగ్రాం నడస్తన్నాది. రెండూ ఒకే ఫైలు పట్టుకుని పీక్కుంటంటే సావదేటి మరి? ఆ రెండోది ఎవలిది?”

“మా అమ్మాయి బిందుదై ఉంటాది. కాలేజీ చదువులు కదా, ఆపకుండా పోయుంటాది.”

“అయితే మొత్తం ఆపేసి మళ్ళీ పెడదాం.”

“ఆపొద్దు!” రాధిక వంటింటి గుమ్మంలోంచి అరిచినంత పని చేసింది. “పిల్ల ఏదో రాసుకున్నాది. పోతాది.”

“పోతే పోనీ! దాని రాతలు ముఖ్యమా, నా ఉద్యోగం ముఖ్యమా?”

రాధిక గిర్రున తిరిగి లోపలికి పోయింది. ఫిన్నీ కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాడు.

ఈసారి ప్రోగ్రాం నిలబడింది. కూర్మయ్య ప్రాణం లేచొచ్చింది. వార్తలు టపటపా దిగుతున్నాయి. అన్నిటికంటే పైన వేగావతి.

‘రోడ్డెక్కిన కూరగాయల అమ్మలు. రాజాంలో బజారు తరలింపు వద్దంటూ బైఠాయింపు. పొద్దుటి నుంచి కదలని బస్సులు. - వీధరుగు.’

“ఓలమ్మా, మన ఈది సివరే కదన్నా!” అన్నాడు ఫిన్నీ.

కూర్మయ్య చొక్కా తగిలించుకుని పరిగెడదామనుకునేలోపు ఫోను మోగింది. నారాయణమూర్తి.

“చూశారా కూర్మయ్య గారూ?”

“ఒక్క గంట టైమివ్వండి సార్! ఫొటోలతో సహా పంపించేస్తాను.”

“ఇంకెందుకులెండి. ఆ వీధరుగు రాసేవాళ్ళతోనే మాట్లాడేశాం. రేపట్నుంచి రాజాం వాళ్ళదే. మీ పొట్ట కొట్టనని మొదట మొండికేశారు. ఎలాగూ ఇంకొకరిని పెడతామని చెప్పాక, ఇందాకే ఒప్పుకున్నారు.”

కూర్మయ్య కుర్చీలో కూలబడ్డాడు. ఇన్నేళ్ళ ఉద్యోగం, ఊళ్ళో ఆ పలకరింపులు, ఆ మర్యాద, అన్నీ ఒక్క ఫోనుతో పోయాయి.

“ధర్మారావే కదండీ? నాతోటి టీ తాగతా, నా కూడే లాక్కున్నాడా సార్?”

“మీకు నిజంగానే తెలీదా?”

“ఏటి సార్ తెలీనిది?”

“ఫోను ఒకసారి మీ ఆవిడకివ్వండి.”