పదేళ్ల కిందటి పట్టు

ఇప్పుడు కౌగిలి చొక్కా లేని ఇల్లు లేదు. ఎవరి చేతుల పట్టును అందులో దాచుకుంటే, తొడుక్కున్నప్పుడల్లా వాళ్ల చేతులే వీపుకు తగులుతాయి. విశాఖలో టాంగో డాన్సు జంటగా పేరున్న మా ఇంట్లోనూ ఒకటుంది. అందులో ఉన్నది పదేళ్ల కిందటి నేను.

నా భార్య హైమ రోజూ అన్నం ఉడికేలోగా దానితోనే సాధన చేస్తుంది. దానితో ఆడేటప్పటి నిశ్చింత నాతో ఆడేటప్పుడు ఆమె ముఖంలో కనిపించదు. శనివారం ప్రదర్శనలోనూ దానితోనే ఆడతానంది.

“మరి నేనెందుకు?”

“నీ మీద నీకే కుళ్లా శశాంక్?” అని నవ్వి, చొక్కా విప్పి కుర్చీ మీద వేసి, కుక్కర్ దించడానికి వెళ్లింది.

చొక్కాలోని వాడి తప్పు పట్టుకోవాలని నేను తొడుక్కున్నాను. వీపు మీద చెయ్యి ఆనింది. అడుగు సూచించి ఆగింది. నేను మొండిగా కదలలేదు. అది తొయ్యలేదు. నేను ఒంటి బరువు రెండో కాలి మీదికి మార్చేదాకా అలాగే ఎదురు చూసింది.

డాన్సులో జంటను నడిపించడమంటే అడగడమని, నేర్చుకునే కొత్తవాళ్లకు నేనే చెబుతాను. హైమను అలా అడిగి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు.

“ఎలా ఉన్నాడేంటి?” గుమ్మంలోంచి హైమ అడిగింది.

“శనివారం వాడితోనే ఆడు.”

ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. కానీ నా అడుగు కోసం ఆగిన ఆ చేతిని వదిలి, చొక్కా విప్పి ఆమె చేతికివ్వడానికి మనసు రాలేదు.