మధ్య సీటు

బస్సులో ముగ్గురు కూర్చునే సీటు మధ్యలో పెట్టిన రెండు బ్యాగుల్నీ తీసి కింద పెట్టి, ఆ ముసలావిడ దర్జాగా కూర్చుంది.

కిటికీ పక్కన భార్య. ఇటు చివర భర్త. పొద్దున లాడ్జిలో మొదలైన గొడవ ఇంకా చల్లారలేదు కాబట్టి మధ్యలో జాగా వదిలారు.

"ఆవిణ్ణి చివరికి జరగమను," అంది భార్య.

మేమిద్దరం మొగుడూ పెళ్ళాలం, మీరు ఇటు రండి అని భర్త చేతులతో నానా తంటాలు పడ్డాడు. ఆవిడ అతని చేతులు చూసింది. భార్య మొహం చూసింది. నెత్తిమీద గడ్డి టోపీ సర్దుకుని, ఉన్నచోటే ఉండిపోయింది.

"బంకలా అతుక్కుంది," అన్నాడు భర్త.

ఊరు కాని ఊళ్ళో అదొక్కటే సుఖం. బస్సంతా వినేలా తిట్టినా ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. రెండు నెలలుగా ఆసియాలో దేశం తర్వాత దేశం వాళ్ళిద్దరూ అలాగే తిట్టుకుంటూ తిరుగుతున్నారు.

"నా దిండు ఎందుకు పారేశావ్?" భార్య మళ్ళీ మొదటికొచ్చింది.

"పారేయలేదు. లాడ్జిలో వదిలేశాను. అరకిలో బరువు తగ్గింది."

"అది లేకపోతే నాకు నిద్ర పట్టదని తెలుసుగా!"

"ఇల్లంతా వీపున మోస్తూ ప్రపంచం చూడలేం."

"ఏం ప్రపంచం? నేను చూసిందంతా డార్మిటరీల పైకప్పులే. ఆడవాళ్ళ గదిలో నేను, మగవాళ్ళ గదిలో నువ్వు. మనం పెళ్ళయినవాళ్ళమా, హాస్టల్ పిల్లలమా?"

"అలా అయితేనే చవక. ముందే అనుకున్నాం."

"నువ్వనుకున్నావ్. నేను తలూపాను. నాకు బుద్ధి లేక!"

ముసలావిడ ఓసారి ఇటూ, ఓసారి అటూ తల తిప్పుతోంది.

"ఈవిడొకత్తి, ఊరికే సినిమా దొరికినట్టు," అని విసుక్కుంది భార్య. తర్వాత చెయ్యి చాపింది. "నా పాస్‌పోర్టు ఇటివ్వు."

"ఎందుకు?"

"దారిలో ఎయిర్‌పోర్టు జంక్షన్ వస్తుంది. అక్కడ దిగిపోతా. అట్నుంచి అటే మా అమ్మ దగ్గరికి. ఇక నీ దారి నీదే."

భర్తకి ఆమెని ఆపాలనే ఉంది. అయినా రోషం ఊరుకోనిస్తేగా! నడుముకి కట్టుకున్న సంచిలోంచి పాస్‌పోర్టు తీసి, ముసలావిడ మీదుగా అందించాడు.

"దిగు. నేను మాత్రం నీ వెనక పరిగెత్తుకు రాను."

"రమ్మని ఎవరు బతిమాలారు?"

ఇంకో గంట ప్రయాణం సాగింది.

జంక్షన్ వచ్చింది. రెండే నిమిషాలు ఆగుతుందని కండక్టర్ వేళ్ళు చూపించాడు. భార్య లేవబోయింది. లేవలేకపోయింది.

ముసలావిడ ఆమె భుజం మీద తల వాల్చేసి గుర్రు పెడుతోంది. చున్నీ సగం ఆవిడ కింద ఉంది. ఆవిడ కాళ్ళు రెండూ బ్యాగు మీదున్నాయి.

"అమ్మా! లెండి! ఏమండీ!"

గుర్రు ఇంకో మెట్టు పెరిగింది.

"చూస్తావేం? లేపు ఆవిణ్ణి!"

"నన్ను ముట్టుకోమంటావా? బస్సువాళ్ళు తంతారు. నువ్వే లేపుకో."

భార్య తట్టింది. కుదిపింది. చున్నీ లాగితే పర్రున చిరిగింది గానీ ఆవిడ కదిలితే ఒట్టు. ఇంతలో విజిల్ పడింది. జంక్షన్ వెనక్కి వెళ్ళిపోయింది.

"మొద్దునిద్ర మనిషి! నా ప్రాణానికే దొరకాలా?" భార్యకి ఏడుపొక్కటే తక్కువ.

భర్త మాత్రం గట్టిగా ఊపిరి వదిలాడు.

మళ్ళీ బస్సు ఆగేది ఇంకో రెండు గంటలకి. భార్య భుజం తిమ్మిరెక్కింది. అది చూసి భర్త తన చొక్కా ఒకటి తీసి మడిచాడు. చెయ్యి చాపి, ఆవిడ తలకీ భార్య భుజానికీ మధ్య మెల్లగా దూర్చాడు.

"నాకు దిండు లేకుండా చేసి, ఈవిడకి దిండు పెడుతున్నావా?"

అంటూనే ఆమెకి నవ్వొచ్చింది. వద్దనుకున్నా ఆగలేదు. అతనూ నవ్వేశాడు. నవ్వు ఆగాక అతను చొక్కా మడత సర్దుతూ అన్నాడు.

"ఆ జంక్షన్‌లో నువ్వు నిజంగా దిగేసుంటే నేనేమైపోయేవాణ్ణో. దిండు విషయంలో నాదే తప్పు."

"ఇప్పుడొచ్చిందా బుద్ధి?"

"ఇవాళ్టినుంచి ఇద్దరికీ ఒకే గది. డబ్బు చాలక తిరిగే రోజులు తగ్గినా సరే."

భార్య పాస్‌పోర్టు ముసలావిడ మీదుగా వెనక్కి ఇచ్చేసింది.

సరిగ్గా అప్పుడే ముసలావిడకి మెలకువ వచ్చింది. బద్ధకంగా ఒళ్ళు విరుచుకుంది. వచ్చే స్టాపులో సంచి భుజాన వేసుకుని దిగింది.

"హమ్మయ్య, పీడా విరగడైంది," అని భార్య భుజం నొక్కుకుంటూ మధ్య సీట్లోకి, మొగుడి పక్కకి జరిగింది.

బస్సు కదులుతోంది. ముసలావిడ కిటికీ దగ్గరికొచ్చి చువ్వ పట్టుకుని నాలుగడుగులు వేసింది.

"చున్నీ చిరిగింది, ఏమీ అనుకోకు తల్లీ," అంది చక్కటి తెలుగులో.

భార్య గబగబా కిటికీ దగ్గరికి జరిగి చేతులు జోడించేసరికి బస్సు వేగం అందుకుంది, ఆవిడ చెయ్యి చువ్వ మీంచి జారిపోయింది.

"నేనూ ఒకప్పుడు నీలాగే కోపంలో ఇక్కడే ఒక బస్సు దిగేశానమ్మా," అన్న ఆవిడ గొంతు వెనకనుంచి వినిపించింది, "వెనకాలే దిగుతాడనుకున్నాను."