ముగ్గురికే చోటు

పాము కరిచిందని ముందు ఎవరికీ తెలియలేదు.

ఒక చెప్పు చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ వచ్చింది కారుణ్య.

"నాన్నా, ముల్లు గుచ్చుకుంది."

రాబిన్ వంగి చూశాడు. చీలమండ పక్కన రెండు చుక్కలు. చుట్టూ అప్పుడే వాపు.

దసరా పూజ సెలవులకు కలకత్తా దగ్గర లిలువా రైల్వే క్వార్టర్స్ నుంచి సుందర్‌బన్స్ చూడ్డానికి వచ్చారు ముగ్గురూ. కేనింగ్ చేపల బజారు చూసి, నిన్నంతా పడవలో తిరిగారు. బురదలో పడుకున్న మొసలిని చూసి కారుణ్య ఒకటే కేకలు. రాత్రి ఈ దీవిలోనే బస.

బస నడిపే ఆవిడ పాప కాలు చూసి నెత్తి కొట్టుకుంది.

"ముల్లు కాదు దాదా, పాము! ఆసుపత్రి అవతలి గట్టున ఉంది. పరిగెత్తండి!"

పిల్లను ఎత్తుకుని రేవుకు పరిగెత్తాడు రాబిన్. వెనకే అతని భార్య జెరూషా.

నిన్న తిరిగిన పెద్ద పడవ బురదలో కూరుకుపోయి ఉంది. నది నీళ్లు తీసేస్తోంది. మళ్లీ పోటు వచ్చేదాకా అది కదలదు.

మెట్ల దగ్గర ఒక చిన్న ఇంజను పడవ మాత్రం నీళ్ల మీద ఉంది. అందులో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. పడవవాడు తాడు విప్పుతున్నాడు.

"ఆగు! పాపని పాము కరిచింది!" బెంగాలీలో అరిచాడు రాబిన్.

పడవవాడు తాడు విప్పడం ఆపేశాడు. "ఎక్కండి దాదా. కానీ నీళ్లు తక్కువ. నేను కాక ముగ్గురికి మించితే అడుగు బురదకు తగులుతుంది. పాపతో మీలో ఒక్కరే రండి."

"ఎవరాగాలి? తల్లా, తండ్రా?" అన్నాడు రాబిన్.

జెరూషా మెట్ల మీదే కూలబడింది. "ప్రభువా, నా బిడ్డని కాపాడు తండ్రీ!"

ఆ మాటకి ముసలాయన తలెత్తాడు.

"తెలుగోలా అమ్మా?"

జెరూషా ఏడుస్తూ తలూపింది. ముసలాయన పాప మొహంలోకి చూశాడు. రెప్పలు వాలిపోతున్నాయి.

రాబిన్‌కు ఓపిక లేదు. "మీకు అవతల ఏటి పని?"

ముసలాయన మళ్లీ పాప వైపు చూశాడు.

"బజారు పనే బాబూ."

"బజారుకి రేపెల్లొచ్చు. దిగండి!"

పడవవాడు ఏదో అనబోయాడు. ముసలాయన చెయ్యెత్తాడు.

"చుప్ థాక్, నిమాయ్."

"అది కాదు కాకా..."

"చుప్!"

ముసలాయన లేచాడు. గెడ పట్టుకుని, ఆగి, ఒక కాలు మెట్టు మీద పెట్టి, మళ్లీ ఆగాడు.

"దిగడానికి ఇంత సేపా!" రాబిన్ ఆయన భుజం పట్టి పక్కకు లాగేశాడు.

ముసలాయన తూలి, మెట్టు మీద చతికిలపడ్డాడు. కోపం తెచ్చుకోలేదు.

"ఇద్దరూ ఎల్లండి. పిల్ల భయపడతాది." తర్వాత పాప వైపు చూశాడు. "నీ పేరేటి తల్లీ?"

"కారుణ్య."

"నిద్రోకు కారుణ్యా. అమ్మతో మాటాడతా ఉండు."

పడవ కదిలింది.

నిమాయ్ మాటిమాటికీ వెనక్కి తిరిగి రేవు వైపు చూస్తున్నాడు.

"వెనకేం చూస్తావు? ముందుకు నడుపు!" కసిరాడు రాబిన్.

నడి ఏట్లో పడవ అడుగు బురదకు రాసుకుంది. ఇంజను ఆగిపోయింది. నిమాయ్ గెడ వేసి తోశాడు. కదల్లేదు.

రాబిన్ నీళ్లలోకి దూకేశాడు. నిన్నటి మొసలి సంగతి గుర్తే లేదు. మోకాళ్ల దాకా బురదలో దిగబడి, పడవకు భుజం ఆనించి నెట్టాడు.

"అమ్మా, నువ్వు ఇద్దరిలా కనపడతన్నావు," అంది కారుణ్య. మాట ముద్దగా వస్తోంది.

"రాబిన్, తొయ్యి! తొయ్యవయ్యా!"

పడవ జారింది. ఇంజను అందుకుంది.

ఆసుపత్రి మెట్ల మీదే డాక్టరు ఎదురొచ్చి పిల్లను అందుకున్నాడు. సూది, సెలైను, మళ్లీ సూది. సాయంత్రానికి కారుణ్య కళ్లు విప్పి మంచినీళ్లడిగింది.

"ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి ఆగిపోయేది," అన్నాడు డాక్టరు.

జెరూషా ఆయన చేతులు కళ్లకద్దుకుంది. మర్నాడు పాపను కలకత్తా పెద్దాసుపత్రికి మార్చారు.

కాళీపూజ దీపాలు పెట్టేనాటికి కారుణ్య క్వార్టర్స్ అరుగుల మీద గెంతుతోంది.

"నాన్నా, ఆ తాతకి మనం థాంక్సే చెప్పలేదు," అంది ఒకరోజు.

ముసలాయన భుజం పట్టి లాగిన చెయ్యి రాబిన్‌కు ఆ రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. తెల్లారగానే సందేశ్ మిఠాయి డబ్బా కొనుక్కుని, కేనింగ్ ట్రైనెక్కాడు.

దీవి రేవులో నిమాయ్ పడవ కట్టేస్తూ కనిపించాడు.

"పాప బాగుందా దాదా?"

"బాగుంది. ఆ రోజు పెద్దాయన్ని లాగిపడేశాను. కాళ్లు పట్టుకుందామని వచ్చాను. ఇల్లెక్కడ?"

నిమాయ్ చేతిలో తాడు ఆగిపోయింది.

"గవరయ్య కాకా పోయారు దాదా. ఆ రోజే. మిమ్మల్ని దింపి నేను తిరిగొచ్చేసరికి, ఆ మెట్ల మీదే ఒరిగిపోయి ఉన్నారు."

"అదేంటి? బజారు పనుందని కదా పడవెక్కారు?"

"బజారేంటి దాదా! గుండెల్లో నొప్పిగా ఉంది, ఆసుపత్రికి చేర్చరా అని పొద్దున్నే నా పడవ మాట్లాడుకున్నారు ఆయన."