ఊగని వెదురు

"ఏ అడవిలో దొరికిందో చెప్పవేమ్మా? నీ సొమ్మేం పోయింది?" పెద్ద సారు విసుక్కున్నాడు.

ఆమె మైక్రోస్కోపు మీంచి తలెత్తలేదు. దాని కింద వెదురు ముక్క, ముక్క మీద ఆవగింజల్లా నారింజ రంగు శిలీంధ్రం. ఇంతవరకూ ఎవరూ చూడని జాతి. ఇంకొకరైతే ఈపాటికి ల్యాబంతా స్వీట్లు పంచేవారు. ఆమె టీ తాగడం కూడా మర్చిపోయింది.

"దగ్గరే సార్. గాలీ వెలుతురూ లేని చోటు. నేను తప్ప ఎవరూ వెళ్లరు."

సారు ఆమె రాసిన వివరాలు చదువుతూ ఒకచోట ఆగాడు.

"కదలని వెదురు మీదే బతుకుతుందా? ఊగని వెదురు ఎక్కడుందమ్మా తల్లీ? చీమ తుమ్మినా ఊగుతుందది!"

ఆమె నవ్వలేదు. "ఉంది సార్. ఈ ముక్కలోంచే ఓ పేడు చీల్చి, రోజూ ఊపి చూశాను. ఊపిన పేడు మీద చచ్చిపోయింది."

"సరేలే. పేరేం పెడదాం?"

"రెండేళ్ల కిందటే అనుకున్నాను."

"అప్పటికిది దొరకనే లేదుగా! భలేదానివే." సారు నవ్వి, కాగితాలు బల్ల మీద పెట్టాడు. "కానీ ఒక్క నమూనాతో సైన్సు పత్రికవాళ్లు ఒప్పుకోరు. అదే చోటునుంచి రెండోది తేవాలి. లేకపోతే నువ్వనుకున్న పేరు నిలవదు."

అప్పుడు తలెత్తింది. "ఎవరికీ తెలియకుండా పోతుందా?"

"పోతుంది మరి."

"మొదటిది దానంతటదే ఊడింది సార్. రెండోది కొయ్యాలి."

"కొయ్యి! వెదురేగా, మళ్లీ మొలుస్తుంది."

ఆమెకు ఏడవాలనిపించింది. రాలేదు. ఏడుపు రావడం మానేసి చాలాకాలమైంది.

సాయంత్రం ల్యాబులోంచి చిన్న రంపం తెచ్చుకుంది. అది చూడగానే భర్తకు అర్థమైంది.

"మీరూ రండి. ఒక్కదాన్నే కొయ్యలేను," అంది.

"నావల్ల కాదే. అక్కడికి మాత్రం రాలేను."

"పేరు నిలుస్తుందటండీ."

 ఆయన లేచి, ఉత్త కాళ్లతోనే ఆమె వెనక నడిచాడు.

రెండేళ్లుగా తాను అడుగుపెట్టని పక్కగదిలో, ఇంటికి రాని పాప కోసం అల్లించిన, ఒక్కసారైనా ఊగని వెదురు ఉయ్యాలను ఆయన రెండు చేతులా గట్టిగా పట్టుకుంటే, ఆమె రంపం ఆనించింది.